పిల్లి గీరితే చంకలో బిళ్ళ: పిల్లుల్ని పంపేయమనడం తప్పా?

లంకపిల్ల: మా బాబుకి ఆరేళ్ళు. వేసవి సెలవులకి అంబాజీపేట దగ్గర మా అమ్మావాళ్ళ ఊళ్ళో వదిలాం. అటక మీద పిల్లి ఈనింది. ఆ కూనల్లో ఒకటి వీడి ముంజేతి మీద గీరింది. హైదరాబాద్ వచ్చాక స్నానం చేయిస్తుంటే చంకలో ఉసిరికాయంత బిళ్ళ. ముట్టుకుంటే ఏడుపు, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చన. ముంజేతి మీద మానని ఎర్ర పొక్కు చూసి డాక్టర్ "పిల్లి కూనలతో ఆడాడా" అని అడిగారు. రక్తపరీక్షలో బార్టొనెల్లా అనే క్రిమి అని తేలింది. అజిత్రోమైసిన్ ఐదు రోజులు వాడాం. బిళ్ళ కరగడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చట. పిల్లుల్ని పంపేయమంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. అడగడం తప్పా?

కురిడీకాయ: తప్పే అమ్మాయ్. అటక మీద కురిడీ (ఎండు కొబ్బరికాయలు) ఉన్న ఇంట్లో పిల్లి లేకపోతే ఏమవుతుందో నీకు తెలీదా? మా పిల్లి చచ్చిపోయిన ఏడాది దసరాకి అటకెక్కి చూస్తే కాయ కాయకీ ఎలక కన్నం, లోపలంతా గుల్ల. కాలికి ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ళ కట్టదూ? మా చిన్నప్పుడు ఈ జబ్బు పేరే వినలేదు.

మందులషాపు: వినకపోతే లేనట్టా? పారిస్‌లో రాబర్ట్ డెబ్రే అనే పిల్లల డాక్టర్ 1950లోనే దీని గురించి రాశారు. అది సరే, రేబిస్ సూదులు వేయించారా? ఎవరూ అడగరేం?

భీమారంబుల్లోడు: పిల్లి గీరితే కూడా కుక్క సూదులేనా? ఆయ్, మాకు తెలీదండి.

మందులషాపు: పిల్లికీ రేబిస్ వస్తుందండి. గీరిన వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోకి వేసే సూదులైతే 0, 3, 7, 28 రోజుల్లో. పసుపు అద్ది ఊరుకుంటే కాదు. లంకపిల్ల గారూ, ఎన్నో రోజున వేయించారు?

పాలకొల్లువదిన: మీకు ఐదు రోజుల మందుతో సరిపోయింది. మా అమ్మాయికి మెడ దగ్గర బిళ్ళ కడితే సూదితో తీసి చూసి గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) అన్నారు, టీబీ అని ఆరు నెలలు మాత్రలు మింగించారు. మూత్రం ఎర్రగా వస్తోందని పిల్ల బడిలో బాత్రూంకే వెళ్ళేది కాదు. ఇంట్లో పిల్లి ఉందా అని ఒక్కరూ అడగలేదు. మాకు రెండున్నాయి!

మందులషాపు: వదిన గారూ, గ్రాన్యులోమా రెండు జబ్బుల్లోనూ కనిపిస్తుంది. మన దగ్గర టీబీ ఎక్కువ, ముందు దాన్నే అనుమానిస్తారు. మీ పాపది నిజంగా టీబీయే అయ్యుండొచ్చు.

పాలకొల్లువదిన: ఆ ఆరు నెలలూ మా ఇంట్లో మీరున్నారా?

కురిడీకాయ: జబ్బు పిల్లి అయితే ఈపాటికి చచ్చేది. ఆ కూన శుభ్రంగా పాలు తాగుతూ ఉండి ఉంటుంది.

మందులషాపు: ఈ క్రిమి రక్తంలో ఉన్నా పిల్లి మామూలుగానే తిరుగుతుంది బాబాయ్ గారూ. బొచ్చులో గెంతే పురుగులుంటాయే, వాటి రెట్ట గోళ్ళలో ఇరుక్కుని, గీరినప్పుడు మన చర్మంలోకి దిగుతుంది. ఏడాది లోపు కూనలతోనే ఎక్కువ. ఆ పురుగులకి మందు పశువుల డాక్టర్నే అడగండి. కుక్కలకి చల్లే పెర్మెత్రిన్ పౌడర్ పిల్లికి విషం. సూదుల సంగతి ఇంకా చెప్పలేదు.

లంకపిల్ల: పదిసార్లు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. అప్పుడు వేయించలేదు. పిల్లి గీరిందని నాకు తెలిస్తేగా! అమ్మ కొబ్బరినూనె రాసి, కంచె ముల్లు గీసుకుందని ఫోన్లో చెప్పింది. వాడికీ అదే నేర్పింది. డాక్టర్ అడిగినప్పుడు వాడు నా మొహం చూసి "అమ్మమ్మ చెప్పొద్దంది" అన్నాడు. మొదటి సూది ఆ రోజు పడింది.

కురిడీకాయ: అప్పటికి మూడు నాలుగు వారాలు. కూన బతికే ఉంటే ఇంక సూదెందుకు?

మందులషాపు: అది డాక్టర్ తేల్చాలి. మీరూ నేనూ కాదు.

కురిడీకాయ: సరే. ఆవిడ ఎందుకు దాచిందో ఆలోచించావా అమ్మాయ్? మా కోడలు ఒక ఏడు దోమలంది, ఇంకో ఏడు చేపల చెరువు దగ్గరంది. రెండు వేసవులై మనవరాలు రాలేదు. మీ అమ్మ నిజం చెబితే నువ్వు మళ్ళీ పంపుతావా?

లంకపిల్ల: మీ కోడలి మీద కోపం నా మీద చూపించకండి. పంపనని నేనెప్పుడన్నాను?

పాలకొల్లువదిన: పిల్లుల్ని పంపేయమన్నారుగా. ఆవిడకి వినిపించేది అదే.

లంకపిల్ల: ...

లంకపిల్ల: అమ్మతో మాట్లాడాను. తల్లి పిల్లి అటక వదలదట. రెండు కూనల్ని రైసుమిల్లు వాళ్ళు అడిగారట. మూడోది, ఆ గీరినదే, వీడు పేరు పెట్టాడని ఇవ్వలేదట. ఏం చేయమంటావని నన్నే అడుగుతోంది.

భీమారంబుల్లోడు: ఏం పేరండి?