అప్‌డేట్: ఎక్స్‌పల్స్‌కు చోటు దొరికిందన్నా

తిరుపతి చుట్టుపక్కల కేసుల భయం లేకుండా నా హీరో ఎక్స్‌పల్స్ బైకును మట్టిలో తోలుకునే చోటు చెప్పమని పోయిన నెల అడిగాను కదా, దానికిది అప్‌డేట్.

తలకోన అన్నోళ్లకు ఒక దండం. అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. అనుమతి లేకుండా అడవి బాట పట్టామా, 1972 వన్యప్రాణి చట్టం మెడకు చుట్టుకుంటుంది. పైగా శేషాచలంలో ఎర్రచందనం గొడవ. రాత్రిపూట బండి లైటు కనబడితే మనల్ని ఏమనుకుంటారో వేరే చెప్పాలా! పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం, అక్కడ ఏనుగులు. స్వర్ణముఖి ఇసుక నాకూ నోరూరించింది గానీ, ఏరు కూడా సర్కారు భూమే.

చివరికి పాకాల దగ్గర మా మామకు తెలిసిన రైతు బీడు దొరికింది. నాలుగెకరాలు, గుట్ట, గులకరాళ్లు, ఒక వంక. ఆయన ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. పక్కనే మామిడి తోపు. "డ్రిప్పు పైపు తొక్కినావంటే బండి ఈడనే పెట్టిపోవాల నాయనా" అన్నాడు పెద్దాయన. కోతలప్పుడు రాకూడదు, సైలెన్సర్ పీకకూడదు.

మొదటిరోజే వంకలో పడ్డాను. క్లచ్ లివర్ విరిగింది, మోకాలు బాగానే ఉంది.