ఐటీఐ వర్క్‌షాపులో పిల్లల కొట్లాటలు ఆపేదెలా?

నమస్కారమండి. కావలి దగ్గర ఒక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెబుతాను. బ్యాచ్‌కి 20 మంది, పదహారు పదిహేడేళ్ల పిల్లలు. ఈ ఏడాది సీనియర్లకీ జూనియర్లకీ అస్తమానం గొడవలే.

పోయిన వారం వైస్ (ఇనుప ముక్కని బిగించి పట్టుకునే పరికరం) దగ్గర వంతు కోసం మాటా మాటా పెరిగి ఒకడు చేతిలో ఉన్న ఆకురాయి (ఇనుము అరగదీసే పనిముట్టు) కొట్టడానికి ఎత్తాడు. నేను మణికట్టు పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. చూస్తే వాడి చెయ్యి వణుకుతోంది, కళ్లలో నీళ్లు. నెల రోజులుగా వాణ్ణి ఊరి పేరు పెట్టి వెక్కిరిస్తున్నారట. ఇంట్లో చెప్పుకోలేదు, నాకూ చెప్పలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, కంప్లయింట్ ఇస్తే కేసవుతుంది. కేసు పడితే ఈ పిల్లల అప్రెంటిస్‌షిప్ ఏమవుతుందోనని టెన్షన్. ఆకురాయి ఎత్తినవాడికి టీసీ ఇచ్చి పంపేయమంటున్నారు తోటివాళ్లు. పంపేస్తే వాడు రొయ్యల చెరువుల మీద కూలికి పోతాడు. నాకు మనసొప్పడం లేదు.

సీనియర్‌నీ జూనియర్‌నీ జత చేసి వర్క్‌షాపులో ఒకే జాబ్ (తయారు చేయాల్సిన వస్తువు) చేయిద్దామనుకుంటున్నాను. ఎవరైనా ఇలా చేసి చూశారా? పిల్లలు భయపడకుండా వచ్చి చెప్పుకునేలా మీ దగ్గర ఏం ఏర్పాటు చేశారు? నెల్లూరు, ఒంగోలు వైపు ఈ వయసు పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్లు ఉంటే దయచేసి చెప్పండి.