ఊరి చిన్న ఎయిర్‌పోర్టు ఉంచాలా, మూసేసి ఇళ్లు కట్టాలా?

రన్‌వే పక్కిల్లు:
అమెరికాలో చిన్న పట్టణం ఏది చూసినా ఇదే గొడవ. ఎయిర్‌లైన్ విమానం ఒక్కటీ దిగదు. నలుగురు సరదాగా తిప్పుకునే సెస్నా చిన్న విమానాల కోసం అంత స్థలం, ఊరి సొమ్ము ఎందుకు? ఆదివారం పొద్దున్నే ట్రైనింగ్ విమానం చక్రాలు నేలకి ఆనీ ఆనకముందే మళ్లీ లేస్తుంది, మా కప్పుల మీదుగా ఓ చుట్టు చుట్టి మళ్లీ దిగుతుంది. గంటసేపు అదే వరస. మూసేసి ఇళ్లు కట్టండి.

సెస్నా172:
సరదాకేనండీ? రోగిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లే ఎయిర్ అంబులెన్స్, పొలాలకి మందు కొట్టే విమానం దిగేదెక్కడ? రేపు మీరెక్కే బోయింగ్ నడిపేవాడు నేర్చుకునేది ఆ ‘టచ్ అండ్ గో’లతోనే. పైగా ఎయిర్‌పోర్టు ముందు నుంచీ ఉంది. తెలిసే ఇల్లు కొన్నారు కదా.

రన్‌వే పక్కిల్లు:
సరే, శబ్దం వదిలేద్దాం. సీసం మాటేమిటి? కార్ల పెట్రోల్లో సీసాన్ని 1996లోనే నిషేధించారు. మీ పిస్టన్ ఇంజన్ విమానాల్లో పోసే 100ఎల్ఎల్ అనే పెట్రోల్లో గాలనుకి రెండు గ్రాముల దాకా ఉంటుంది. ఆ పొగ ఆరోగ్యానికి ప్రమాదమని 2023లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ తేల్చింది. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ 2022 జనవరి నుంచి తన ఎయిర్‌పోర్టుల్లో దాని అమ్మకమే ఆపింది. మనమూ ఆపొచ్చుగా?

గ్రాంటు ఫైలు:
ఇద్దరూ అసలు కాగితం చూడట్లేదు. రన్‌వే పనులకి కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ గ్రాంటు తీసుకుంటే మామూలుగా ఖర్చులో 90 శాతం దాకా వాళ్లదే. అదీ ఎక్కువగా విమాన టికెట్ల మీద, ఇంధనం మీద వేసిన పన్ను. అందుకు బదులుగా మామూలుగా 20 ఏళ్లు నడుపుతామని ఊరు సంతకం పెడుతుంది. ఆ డబ్బుతో భూమి కొంటే ఇక గడువంటూ లేదు. స్థలం అద్దెకిచ్చినా ఆ రాబడి ఎయిర్‌పోర్టుకే, స్కూలుకి మళ్లించడం కుదరదు.

‘షికాగో చేసింది కదా’ అని ఎవరో ఒకరు అంటారు. 2003 మార్చిలో మేయర్ డేలీ రాత్రికి రాత్రి బుల్‌డోజర్లు పంపి మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న ఎయిర్‌పోర్టు రన్‌వేని తవ్వించాడు. పదహారు విమానాలు అక్కడే చిక్కుబడ్డాయి. జరిమానా 33,000 డాలర్లు, ఓ నగరానికి అదో లెక్కా? ఆ తవ్వకం తర్వాతే అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) ఇలాంటి జరిమానాని రోజుకి 1,100 నుంచి 10,000 డాలర్లకి పెంచింది. తన ఎయిర్‌పోర్టు మూసేద్దామనుకున్న శాంటా మోనికా నగరమైతే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, 2017లో రాజీ పడింది. 2028 ఆఖరు దాకా నడపాల్సిందే.

సీసం విషయంలో శాంటా క్లారా దారి కూడా ఇప్పుడు మూసుకుపోయింది. 2022లో 100ఎల్ఎల్ అమ్మిన చోట, దానికి తగిన ప్రత్యామ్నాయం వచ్చేదాకా, లేదంటే 2030 ఆఖరు దాకా, అమ్ముతూనే ఉండాలని 2024 చట్టం. కానీ పక్కనే సీసం లేని యూఎల్94 ఇంధనం ట్యాంకు పెట్టొద్దని ఎవరూ అనలేదు. ట్రైనింగ్ సెస్నాల్లో చాలావాటికి అది సరిపోతుంది. నా దృష్టిలో కౌన్సిల్‌ని నిలదీయాల్సింది దీని గురించే.

సెస్నా172:
మా ఇంజన్‌కి సరిపోతుంది. బోనాంజా లాంటి విమానాల్లోని శక్తిమంతమైన, ఎక్కువ కంప్రెషన్ ఇంజన్లకి చాలదు. వాటికని వచ్చిన సీసం లేని జీ100యూఎల్ ఇంధనంతో విమానాల రంగు ఊడుతోందని ఫిర్యాదులున్నాయి. ట్యాంకు పెడితే మాత్రం ఫ్లయింగ్ స్కూలు చేత కొనిపించడం నా పూచీ.

రన్‌వే పక్కిల్లు:
ట్యాంకు సరే. మరి ఆదివారం ప్రదక్షిణలు?

గ్రాంటు ఫైలు:
విమానాల శబ్దం మీద వచ్చిన 1990 చట్టం ప్రకారం, ఫలానా వేళ ఎగరొద్దని ఊరు సొంతంగా కర్ఫ్యూ పెట్టడం దాదాపు అసాధ్యం. స్కూలువాళ్లని మర్యాదగా అడగొచ్చు. అదుగో, పూచీ పడినాయన ఇక్కడే ఉన్నారుగా.