మానై వంగునా, మ్రానై వంగునా?

నయీంనగర్: "మొక్కై వంగనిది మానై వంగునా" అంటరు గదా, మా తాత "మ్రానై" అనేటోడు, రావత్తు ఒత్తి మరీ. ఏది పాతది? డిగ్రీ పిల్లలకు లిగ్నిన్ (కణం గోడలకు పట్టి కట్టెను గట్టి చేసే పదార్థం) పాఠం రాస్తున్న, ఈ సామెతతో షురూ చేద్దామని.

బమ్మెర పక్కూరు: మ్రానే. ప్రాత పాతయింది, మ్రింగు మింగయింది, గిదీ గంతే. అసలు సంగతి "మ్రాన్పడు". మాను లెక్క కదలక మెదలక బిగుసుకపోవుడు. లిగ్నిన్ పట్టుడుకు ఇంతకన్న మంచి మాట దొరకది సార్.

నయీంనగర్: అబ్బ, బాగుంది! జరిగేది అచ్చం గదే. పైన్ కణం సాగుడు ఆగే వేళకు లిగ్నిన్‌కు ముడిసరుకైన కోనిఫెరిల్ ఆల్కహాల్ గోడలకు చేరుతది. లాకేజ్, పెరాక్సిడేజ్ అనే ఎంజైములు దాన్ని రాడికల్ (జత లేని ఎలక్ట్రానున్న చురుకైన అణువు) చేస్తయి. ఆ రాడికల్స్ ఒకదానికొకటి అతుక్కుంటయి, అతుకులల్ల సగం దాకా బీటా-ఓ-4 (నడుమ ఆక్సిజన్ ఉండే అతుకు) రకమే. కణాల మూలలకాడ మొదలై లోపలికి పాకుతది. ఆఖరికి కణం చచ్చి, ఉత్త గొట్టం మిగులుతది.

పాత పంతులు: చచ్చినదాన్ని మ్రాన్పడ్డదని ఎట్లంటరయ్యా? మ్రాన్పడ్డోడు కాసేపటికి తేరుకుంటడు. మాట కుదరలే.

బమ్మెర పక్కూరు: పోతన ఊరి పక్కోళ్లం, మాకే చెప్తరా? బాలకృష్ణుడు రోలీడ్చి కూల్చిన మద్దులు గుర్తున్నయా? కూలినంక అందులకెల్లి కుబేరుని కొడుకులు లేచొచ్చిన్రు. మాను కూడా తేరుకుంటది పంతులూ.

కాగజ్‌నగర్: మద్ది పైన్ లెక్క సాఫ్ట్‌వుడ్ (సూదాకు చెట్ల కట్టె) గాదన్నా, హార్డ్‌వుడ్ (వెడల్పాకు చెట్ల కట్టె). దాని లిగ్నిన్‌ల గ్వాయసిల్ ముక్కలతోటి సిరింగిల్ ముక్కలు గూడ ఉంటయి. పైన్‌ల దాదాపు అంతా గ్వాయసిలే, కర్బనానికి కర్బనమే పట్టుకునే అతుకులెక్కువ. అందుకే కాగితం గుజ్జు వండేటప్పుడు లిగ్నిన్ తొందరగ ఊడది. ఇంకోటి, పాఠంల సాఫ్ట్‌వుడ్‌ను "మెత్త కలప" అని మాత్రం రాయకుండ్రి. నిర్మల్ బొమ్మల పొణికి చాకు కింద ఇట్టే చెక్కొస్తది, వృక్షశాస్త్రం లెక్కల అది హార్డ్‌వుడ్.

పాత పంతులు: సామెతే తప్పంటే? మేదరోళ్లు ముదురు వెదురును మంట మీద కాచి వంచుతరు గదా.

కాగజ్‌నగర్: వేడికి లిగ్నిన్ మెత్తబడుతది, నిజమే. కానీ వెదురు గడ్డిజాతి, మాను గాదు.

నయీంనగర్: మానే కావాల్నంటే పైన్‌నే చూడుండ్రి. ఒరిగిన పైన్ కిందివైపు లిగ్నిన్ ఎక్కువున్న కట్టె పెంచుకుంటది. ఆ కట్టె కిందికెల్లి నెడుతుంటే మాను మెల్లగ పైకి లేస్తది.

బమ్మెర పక్కూరు: జూసిన్రా, తేరుకుంటదని చెప్పలే?

పాత పంతులు: గదంత సరే. ఆ మద్దుల పద్యాలల్ల "మ్రాను" అనే మాట ఉన్నదా? పాత ప్రతి ఉన్నోళ్లు చూసి పెట్టుండ్రి.