పెరట్లో పిట్టల కోసం చుక్కల నీళ్లు: సలహా చెప్పండి

మాది హనుమకొండ. పెరట్లో ఒక జామచెట్టు, రెండు మందారాలు ఉన్నాయి. ఎండలు ముదిరాయని మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నాను. కాకులు, పావురాలు, గోరింకలు తప్ప వేరే పిట్ట దిగలేదు.

పోయిన వారం పెరటి కొళాయి లీకై చుక్క చుక్కగా కారింది. ఆ చప్పుడుకేమో, రెండు పికిలి పిట్టలు వచ్చి ఒళ్లంతా తడుపుకున్నాయి. తేనెపిట్ట అయితే తడిసిన మందార ఆకు మీద పొర్లి పొర్లి స్నానం చేసింది! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నిలవ నీళ్ల కంటే కదిలే నీళ్లే వాటిని పిలుస్తాయని అప్పుడర్థమైంది.

వెంటనే 5 లీటర్ల డబ్బాను జామకొమ్మకు కట్టి, కొత్త సెలైన్ గొట్టం తగిలించి, చుక్కలు మూకుడులో పడేలా చేశాను. పొద్దున సెకనుకో చుక్క పెడితే మధ్యాహ్నానికి ఆగిపోతోంది. డబ్బాలో ఇంకా సగానికి పైగా నీళ్లుంటాయి. మట్టం తగ్గి ఒత్తిడి చాలట్లేదా, మా బోరు నీళ్లకు గొట్టంలో ఉప్పు పేరుకుంటోందా? చిన్న సోలార్ పంపు కొంటే నయమా? మబ్బు పట్టిన రోజు అది ఆగిపోతుందని సందేహం.

ఇంకో టెన్షన్, పక్కింటి పిల్లి. మూకుడు పొదల పక్కన ఉంటే అది పొంచి కూర్చుంటోంది, ఆరుబయట పెడితే చిన్న పిట్టలు రావట్లేదు. పొదకు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెట్టాలి? పిచ్చుకలు మునగకుండా లోపల గులకరాళ్లు వేశాను, లోతు రెండంగుళాలే. దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి కడుగుతున్నాను.

మీ ఇంట్లో ఇలా చేసి ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.