పక్షవాతానికి మూలం మన ఫ్లోరైడ్ నీళ్లా, చూపించుకోని బీపీనా?

దేవరకొండ నుంచి:
మా వైపు నలభై దాటనివారు కూడా పక్షవాతంతో మంచాన పడుతున్నారు. తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లా కాబట్టే ఇక్కడ ఈ జబ్బు ఎక్కువని నా నమ్మకం. కాదనేవారు కారణం చెప్పాలి.

మహబూబ్‌నగర్ నుంచి:
అన్నా, మీ ఆవేదన నాకూ ఉంది, కానీ ఇక్కడ రెండు జబ్బులు కలిసిపోతున్నాయి. మర్రిగూడ, మునుగోడు వైపు చూసినట్టుగా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు చెడే జబ్బు) బాగా ముదిరినవారిలో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కి, రెండు కాళ్లూ మెల్లమెల్లగా పట్టు తప్పుతాయి. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా మూతి వంకరపోవడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం ఉన్నట్టుండి జరుగుతాయి, దీన్నే స్ట్రోక్ అంటారు. రెంటినీ ఒకే పేరుతో లెక్కిస్తే జిల్లా అంకె పెరగక ఏమవుతుంది?

ప్రాంతాన్ని బట్టి తేడా ఉండదని నేను అనడం లేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో స్ట్రోక్ మరణాలు ఎక్కువని 1960ల నుంచే తెలుసు. 2003లో మొదలై ముప్పై వేల మందికి పైగా పరిశీలించిన రిగార్డ్స్ అధ్యయనం తర్వాత కూడా, బీపీ, షుగర్, పొగతాగడం ఆ తేడాను పూర్తిగా వివరించలేకపోయాయి. అయినా 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం, ముప్పులో సుమారు 90 శాతం పది కారణాల చుట్టూనే ఉందని, వాటిలో అధిక రక్తపోటుదే పెద్ద వాటా అని 2016లో చూపింది. ఉప్పు ఎక్కువ తినే జపాన్‌లోని అకితా ప్రాంతంలో ఉప్పు తగ్గించి, బీపీకి మందులిచ్చిన దశాబ్దాల్లోనే స్ట్రోక్ మరణాలు బాగా తగ్గాయి.

మన దగ్గర ఉప్పు దట్టించిన తొక్కుతో పూట గడిచే ఇళ్లున్నాయి, బీడీ మానని చేతులున్నాయి. తలనొప్పి తగ్గగానే బీపీ గోలీలు ఆపేస్తారు. ముంబైకి వలస పోయిన పాలమూరు కూలీకి తెచ్చుకున్న గోలీలు అయిపోతే మళ్లీ రాసిచ్చేవారుండరు. అక్కడే ప్రాణం పోతే ఆ మరణం మన జిల్లా లెక్కలోకి రాకపోవచ్చు కూడా.

దేవరకొండ నుంచి:
కాళ్లు పడిపోయినవారిని వేరు చేయాలన్న మాట ఒప్పుకుంటాను. అంతమాత్రాన నీళ్లకు సంబంధమే లేదని తేలిపోదు కదా?

మహబూబ్‌నగర్ నుంచి:
తేలిపోదు. అందుకే ఊళ్లలో ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ చూసేటప్పుడే పక్షవాతం వచ్చినవారి వయసు, అది ఒక్కసారిగా వచ్చిందా మెల్లగానా, ఒక పక్కనా రెండు కాళ్లకా, అంతకు ముందు గోలీలు వాడారా, ఏ నీళ్లు తాగారు అన్నవి కూడా రాయించాలని అడుగుదాం. మీ మండలంలో మీరు అడగండి, మా దగ్గర నేను అడుగుతాను.