టీమ్‌కి మాట్లాడటం నేర్పాలంటే క్లబ్బు మీటింగా, డెమో రిహార్సలా?

పక్కసీటు
ఎనిమిది మంది సాఫ్ట్‌వేర్ టీమ్. రెండు వారాలకోసారి విదేశీ క్లయింటుకి ఇంగ్లీషులో స్ప్రింట్ డెమో, అంటే ఆ రెండు వారాల్లో చేసిన పని చూపించడం. పని బాగానే చేస్తారు, చెప్పేదగ్గర తేలిపోతారు. శిక్షణకి వారానికి ఒక గంట దొరికింది. దాన్ని టోస్ట్‌మాస్టర్స్ (వంతులవారీగా ప్రసంగించి మాట్లాడటం నేర్చుకునే క్లబ్బు) తరహాలో నడపాలా, రాబోయే డెమోనే రిహార్సల్ చేయించాలా? "రెండూ కొంచెం కొంచెం" అని మాత్రం అనకండి, ఉన్నదే గంట.

ఎర్రలైటు
క్లబ్బు పద్ధతే. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలైంది ఇంకా నడుస్తోందంటే గడియారం వల్లే అంటాను. సిద్ధం చేసుకున్న ప్రసంగం 5 నుంచి 7 నిమిషాలు. 5కి ఆకుపచ్చ లైటు, 6కి పసుపు, 7కి ఎరుపు. టేబుల్ టాపిక్స్‌లో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు. విన్నదాని మీద సమీక్ష 2-3 నిమిషాలు. మీ ఎనిమిది మందిలో ఇద్దరు మాట్లాడతారు, ఇద్దరు సమీక్షిస్తారు, ఒకరు టైమర్, ఒకరు "సో", "యాక్చువల్లీ"లు లెక్కపెడతారు, ఒకరు అంశాలిస్తారు, ఒకరు మీటింగ్ నడుపుతారు. ఖాళీగా కూర్చునేవాళ్లు ఉండరు. అదే డెమో రిహార్సల్ అనండి, ఎప్పుడూ మాట్లాడే ఇద్దరే మాట్లాడతారు, మిగతా ఆరుగురూ లాప్‌టాప్‌లో తల దూరుస్తారు.

చివరిబెంచి
ఎర్రలైటు గారూ, "నాకిష్టమైన పండగ" మీద ఏడు నిమిషాలు దంచేసినవాళ్లే డేటా మైగ్రేషన్ ఎందుకు ఆలస్యమైందో చెప్పమంటే నీళ్లు నములుతారు. క్లబ్బులో వినేవాళ్లు చప్పట్లకి సిద్ధమై వస్తారు. క్లయింటు మూడో నిమిషంలోనే ఆపి అడుగుతాడు.

రిహార్సల్ అంటే స్లైడ్లు గబగబా తిప్పేయడం కాదు. 15 నిమిషాల స్లాటు ఉంటే 10 నిమిషాలకే తయారవ్వాలి, మిగతా అయిదూ ప్రశ్నలకి. మొదటిసారి ఒక్కరే నిలబడి, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ. రెండోసారి ఇద్దరి ముందు, అందులో ఒకరు వేరే టీమ్ మనిషై ఉండాలి. అయిపోగానే ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా "ఇప్పుడు విన్నది ఏంటి" అన్నది కాగితం మీద ఒక్క వాక్యంలో రాయాలి. చెప్పేవాళ్లు తాము చెప్పదలచుకున్నదాన్ని కూడా ఒక్క వాక్యంలో, డెమో మొదలుపెట్టకముందే రాసి మడిచి పెట్టుకోవాలి. తర్వాత మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో "నెలవారీ రిపోర్టు 40 సెకన్ల నుంచి 6 సెకన్లకి వచ్చింది" అని ఉండి, మిగతా రెండింట్లో "ఏవో ఇండెక్సులు మార్చారట" అని ఉందనుకోండి, లోపం గొంతులో లేదు, చెప్పిన వరుసలో ఉంది. మనం జరిగింది జరిగినట్టు మొదట్నుంచీ చెప్పుకొస్తాం. ఫలితం వచ్చేసరికి అవతలివాళ్లు మెయిల్ చూసుకుంటుంటారు. చాలాసార్లు ఆఖరి స్లైడుని తీసి మొదట పెడితే సగం రోగం కుదురుతుంది.

మూడోసారి అసలు డెమో జరిగే గదిలోనే, అదే కేబుల్‌తో, అదే కాల్ సాఫ్ట్‌వేర్‌తో.

ఎర్రలైటు
మధ్యలో ఆపి అడిగే ప్రశ్నకి మందు టేబుల్ టాపిక్సే కదండీ! పండగల మీద పెట్టమని ఎవరన్నారు? అంశాల చీటీల మీద క్లయింటు పాత మెయిళ్లలోని ప్రశ్నలు రాయండి. ఇక "యాక్చువల్లీ"ల లెక్క మీ రిహార్సల్లో ఎవరు చేస్తారు?

ప్రొజెక్టరు
ఆ లెక్కతో ఒక చిక్కుంది. "సో" పదిహేడు అని చెప్తే వచ్చేసారి "సో" తగ్గి "ఓకే" పెరుగుతుంది. ఎన్ని అని కాకుండా ఎక్కడ అని రాసుకోమనండి. ఎక్కువగా స్లైడు మారేచోటే పడతాయి. తర్వాతి వాక్యం ఏంటో తెలియక నోరు ఆ సందుని ఏదో ఒకదాంతో పూడుస్తుంది. అందుకని మొదటి రెండు వాక్యాలు, ఒక స్లైడు నుంచి ఇంకోదానికి దాటించే వాక్యాలు, చివరి వాక్యం, ఇవే నోటికి రావాలి. మిగతాదానికి పాయింట్లు చాలు. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట జారినా అంతే, ఎక్కాలు మధ్యలో అడిగినట్టు మళ్లీ మొదట్నుంచి అందుకోవాలి.

ఇంకొన్ని, ఎవరూ చెప్పరు కాబట్టి. పవర్‌పాయింట్ స్లైడ్‌షోలో బి మీట నొక్కితే తెర నల్లబడుతుంది, ప్రశ్నకి జవాబిచ్చేటప్పుడు చూపు మనిషి మీద ఉంటుంది. మళ్లీ నొక్కితే స్లైడు తిరిగొస్తుంది. విండో ఒక్కటే షేర్ చేస్తే మన చాట్ మెసేజ్‌లు బయటపడవు, కానీ డెమోలో కొత్త విండో తెరుచుకుంటే అదీ అవతలికి కనపడదు. అది తెలియక అయిదు నిమిషాలు గాల్లో చూపించేవాళ్లున్నారు. లాగిన్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో ఆ మనిషి గదిలో ఉండాలి. సర్వర్ మొరాయిస్తే చూపించడానికి అదే డెమో 90 సెకన్ల రికార్డింగ్ డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి, క్లౌడ్‌లో కాదు.

పక్కసీటు
కాగితాల పద్ధతి నచ్చింది. ముందు తెలుగులో చెప్పించి, తర్వాత ఇంగ్లీషులో చెప్పించొచ్చా?

చివరిబెంచి
ఒక్కసారి, రెండు నిమిషాలు. తెలుగులోనూ తడబడితే విషయమే అర్థం కాలేదన్నమాట, ఇంగ్లీషుని తిట్టి లాభం లేదు.

ఎర్రలైటు
ఒక్కసారికి ఒప్పుకుంటా. అంతకుమించితే ఇంగ్లీషు వాక్యం నోట్లో తిరగదు. రాసుకున్న స్క్రిప్టుని మాటల లెక్కతో తూచడం కూడా మానేయండి. ఇంగ్లీషులో నాలుగు మాటలయ్యేది తెలుగులో ఒక్క మాటలో ఇమిడిపోతుంది. గడియారం పెట్టుకుని గట్టిగా చదివి చూడటమే.

టపాకాయ
మేనేజరు గదిలో ఉంటే ఇవేవీ నడవవు 😀

ప్రొజెక్టరు
ఉండొచ్చు, కానీ అందరూ చెప్పాక ఆఖర్న మాట్లాడాలి, అదీ ఒక్క విషయమే. ముందే నోరు విప్పితే మిగతావాళ్లంతా "సార్ చెప్పిందే" అంటారు. "బాగుంది", "కాన్ఫిడెన్స్ పెరగాలి" లాంటివి లెక్కలోకి రావు. "నాలుగో స్లైడు దగ్గర ఎవరి డేటానో చెప్పలేదు", ఇలా చోటు చూపించి చెప్పాలి.

పక్కసీటు
గురువారం మొదలుపెడుతున్నా, రిహార్సలే. ఆ మూడు కాగితాలూ ఎవరు చదవాలి, నేనా?

చివరిబెంచి
వద్దండీ, మాట్లాడినవాళ్లే చదవాలి. మీరు చదివితే మార్కులు చదివినట్టుంటుంది.